కాదన్నవాడి సీటు

కాలేజీలో నాకు మూడేళ్ళ జూనియర్ ఒకడు పైలట్ అయ్యాడు. వాళ్ళ నాన్న ఊళ్ళో ఎకరంన్నర అమ్మి, చాలనిదానికి బ్యాంకు లోను తీసుకుని వాణ్ణి ఫ్లయింగ్ స్కూల్లో చేర్పించాడు. ఇప్పుడొక ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్. ఏ ఎయిర్‌లైన్స్ అన్నది ఇక్కడ అనవసరం. ఈమధ్య ఒక రాత్రి బాగా పొద్దుపోయాక ఫోన్ చేశాడు.

“అన్నా, మావాళ్ళు యూనియన్ పెడదామంటున్నారు. సంతకాలు తీసుకుంటున్నారు. నువ్వైతే చేస్తావా?”

నేను పెద్దగా ఆలోచించలేదు. “అంత కష్టంగా ఉంటే ఇంకో కంపెనీకి మారిపోవచ్చు కదరా” అన్నాను.

వాడు నవ్వాడు. “మీకున్నట్టు కాదన్నా మాకు.”

అక్కడితో మాట మార్చేశాను గానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నెల రోజులపాటు దొరికినవి దొరికినట్టు చదివాను. చదివేకొద్దీ ఇంకో అనుమానం మొదలైంది. ఆ రాత్రి నేను మాట మార్చింది విమానాల గురించి తెలియక కాదేమోనని. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు వాడి ప్రశ్న.

“మీకున్నట్టు కాదు” అని వాడన్నది అక్షరాలా నిజం. 2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం మన దేశంలో కో-పైలట్ రాజీనామా చేస్తే ఆరు నెలలు, కెప్టెన్ అయితే ఏడాది నోటీసు ఇవ్వాలి. దానికి తోడు ఒక్కో రకం విమానానికీ వేరే శిక్షణ, ఆ శిక్షణకి బాండు, నెత్తిమీద అప్పు. అమెరికాలో మరో చిత్రం. అక్కడ పైలట్ బతుకంతా సీనియారిటీ నంబరు మీద నడుస్తుంది. ఏ విమానం, కుడి సీటా ఎడమ సీటా, ఏ ఊరు, దీపావళికో క్రిస్మస్‌కో ఇంటి దగ్గర ఉంటాడా లేదా, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. ఆ నంబరు కంపెనీ గేటు దాటి బయటికి రాదు. ఇరవయ్యేళ్ళు కెప్టెన్‌గా చేసినవాడు కంపెనీ మారితే కొత్తచోట నిన్న చేరిన కుర్రాడి వెనకాల నిలబడాలి.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ అని ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థ చెడిపోతున్నప్పుడు అందులోని మనిషికి రెండు దారులుంటాయంటాడు. వెళ్ళిపోవడం, లేదా ఉండి గొంతెత్తడం. వెళ్ళిపోవడం సులువైనచోట గొంతు బలహీనపడుతుందని కూడా అంటాడు. ఇది చదువుతున్నప్పుడు నాకు హైటెక్ సిటీ గుర్తొచ్చింది. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళం మొత్తం మొదటి దారి మనుషులం. మేనేజర్ నచ్చకపోతే రెజ్యూమె అప్‌డేట్ చేస్తాం. జీతం పెరగకపోతే ఇంకో ఆఫర్ లెటర్ తెచ్చుకుంటాం. పదేళ్ళలో నాలుగు కంపెనీలు మారినవాణ్ణి నేను, ఒక్కచోట కూడా ఇది తప్పు అని గట్టిగా అన్న గుర్తు లేదు. నా స్నేహితుడికి నేనిచ్చిన సలహా అసలు సలహా కాదు, నా అలవాటు.

*

అయితే తలుపు మూసి ఉన్నంత మాత్రాన యూనియన్‌లో చేరి తీరాలా? చేరకపోవడానికి గట్టి కారణాలున్నాయి. వాటిని తేలిగ్గా తీసేస్తే ఈ వ్యాసానికి అర్థం ఉండదు.

జెట్‌బ్లూ పైలట్ల కథ చూడండి. 2000లో న్యూయార్క్ నుంచి మొదలైన కంపెనీ అది. అమెరికాలో పెద్ద కంపెనీలన్నిటా దాదాపుగా యూనియన్లున్న కాలంలో, అక్కడ లేదు. ఒక్కొక్క పైలట్‌తోనూ కంపెనీ విడిగా ఐదేళ్ళ ఒప్పందం రాసుకునేది. మధ్యలో మూడోవాళ్ళెందుకు, నేరుగా మాట్లాడుకుందాం అన్నది యాజమాన్యం మాట. 2009లో సొంత సంఘం పెట్టుకోవాలని కొందరు ప్రయత్నించారు, ఓటింగులో ఓడిపోయారు. 2011లో అల్పాలో, అంటే ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్‌లో చేరాలా వద్దా అని ఓటు పెట్టారు. వద్దన్నారు. 2014లో మళ్ళీ పెట్టారు. ఈసారి పెద్ద మెజారిటీతో చేరదామన్నారు. మొదటి ఒప్పందం కుదరడానికి 2018 దాకా పట్టింది.

2011లో వద్దన్నవాళ్ళంతా పిరికివాళ్ళూ కాదు, అమాయకులూ కాదు. వాళ్ళ వాదనని నాకర్థమైనంతలో మూడు మాటల్లో చెప్పొచ్చు. ఒకటి, నా పని బాగుంది, నా జీతం బాగుంది, నా తరఫున మాట్లాడటానికి ఎవరో ఎందుకు? రెండు, యూనియన్ వస్తే ప్రతిభకి విలువుండదు, ఎంతకాలంగా ఉన్నాడన్నదే లెక్క. మూడు, కంపెనీని శత్రువుగా చూడటం మొదలైతే అది ఇక ఆగదు. ఈ మూడింట్లోనూ నిజం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు నన్నడిగినా ఇవే చెప్పేవాణ్ణి, ఇంకాస్త అహంకారంగా.

ఇంకో నాలుగో కారణం ఉంది గానీ, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. మిగతావాళ్ళు చేరతారు కదా, మంచి జరిగితే నాకూ జరుగుతుంది, దెబ్బ తగిలితే వాళ్ళకి తగులుతుంది. చిన్నప్పుడు విన్న కథ ఉంది కదా. రాజుగారు కోనేట్లో రాత్రికి ఇంటికో చెంబెడు పాలు పొయ్యమంటే, అందరూ పాలు పోస్తారు నేనొక్కణ్ణి నీళ్ళు పోస్తే ఎవరికి తెలుస్తుందని ప్రతివాడూ అనుకున్నాడు. తెల్లారేసరికి కోనేటినిండా నీళ్ళే. మాన్సర్ ఓల్సన్ 1965లో ‘ద లాజిక్ ఆఫ్ కలెక్టివ్ యాక్షన్’లో చేసిన వాదనకి ఈ కథ దగ్గరి చుట్టం. అందరికీ దక్కే మేలు కోసం ఏ ఒక్కడూ తనంతట తాను ఖర్చు పెట్టడు. అందుకే అమెరికాలో చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పందాల్లో, యూనియన్‌లో చేరనివాడు కూడా ఎంతో కొంత ఫీజు కట్టాలని రాసుకుంటారు. చేరినా చేరకపోయినా ఒప్పందం అందరికీ వర్తిస్తుంది కాబట్టి.

అయితే ఓల్సన్ లెక్క ప్రకారం ఇది నాకేం వస్తుంది అన్న ప్రశ్నే. పాలు పోస్తే ఎంత, నీళ్ళు పోస్తే ఎంత. నెల రోజులు చదివాక నాకనిపించింది, పైలట్ల విషయంలో ప్రశ్నే తప్పుగా అడుగుతున్నామని. నాకేం వస్తుందన్న దగ్గర మొదలుపెడితే, జీతం బాగున్నవాడికి జవాబు ఎప్పుడూ ఏమీ రాదనే వస్తుంది.

*

2009 ఫిబ్రవరి 12 రాత్రి, అమెరికాలోని బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒకటి ఇంటిమీద కూలింది. విమానంలో 49 మంది, నేలమీద ఒకరు చనిపోయారు. కారణం గురించి విచారణ సంఘం స్పష్టంగానే చెప్పింది. విమానం వేగం పడిపోతోందని హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చెయ్యాల్సినదానికి వ్యతిరేకంగా చేశాడు. అలసట ఎంతవరకు కారణమో తేల్చలేకపోయింది. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ ప్రమాదాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు వాడుకుంటారు.

కాక్‌పిట్ రికార్డింగులో కో-పైలట్ మాటలున్నాయి. ఆమెకి జలుబు. ముందురోజు రాత్రి సియాటిల్ నుంచి బయల్దేరి, దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకి రాత్రంతా వేరే విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. ఇంటి దగ్గరుండగా ఇలా ఉంటే ఇంత దూరం వచ్చేదాన్నే కాదని కెప్టెన్‌తో అంటుంది. ఇక్కడికి వచ్చాక సిక్ అని చెప్తే హోటల్ గది డబ్బు తనే పెట్టుకోవాలి. ఆమె జీతం హోటళ్ళలో దిగగలిగే జీతం కాదు.

చట్టం ప్రకారం ఆమె ‘ఎగరలేను’ అనొచ్చు. ఒంట్లో బాగాలేకపోతే పైలట్ ఎగరకూడదనే నిబంధనలు చెప్తాయి. హక్కు కాగితం మీద ఉంది. కానీ ఆ మాట అనడానికి ఒక ధర ఉంది. ఆ ధర ఆమె ఒక్కతే కట్టుకోవాలి. నాకు ఇక్కడ జీతాల గొడవకీ భద్రత గొడవకీ మధ్య గీత గీయడం కష్టమైపోయింది. యూనియన్లు జీతాల కోసం కొట్లాడి భద్రత పేరు చెప్తాయని అందరం అంటాం. కొంత నిజమే. కానీ ఒక్క రాత్రి హోటల్ గదికి డబ్బుల్లేకపోవడం జీతం సంగతా, భద్రత సంగతా?

ఆ ప్రమాదం తర్వాత పోయినవాళ్ళ కుటుంబాలు ఏళ్ళ తరబడి తిరిగితే, పైలట్ల విశ్రాంతి మీద కొత్త నియమాలు 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. నియమాలున్నాక ఇక యూనియన్ ఎందుకని అడగొచ్చు. దానికి జవాబు మన దగ్గరే దొరికింది. మన దేశంలో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచే నియమాలు, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకి తగ్గించే నియమాలు పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాకే కదిలాయి. 2025లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. డిసెంబరులో ఇండిగో విమానాలు వందల్లో, వేలల్లో రద్దయ్యాయి. శంషాబాద్‌తో సహా ప్రతి ఎయిర్‌పోర్టులో జనం నేలమీద కూర్చున్నారు. రోజుల్లోనే ఆ కంపెనీకి కొన్ని నియమాలను తాత్కాలికంగా సడలించారు. ఆ వారం టీవీ చూస్తూ నేను కోరుకున్నది ఏమిటో నాకు గుర్తుంది. ఎలాగోలా విమానాలు ఎగిరితే చాలు అని. నడిపేవాడు నిద్రపోయాడా అని నాకు తట్టలేదు.

నియమం కాగితం మీద నిలబడటానికి కూడా దాన్ని పట్టుకుని ‘ఇవాళ నేను వెళ్ళను’ అనే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి ఒంటరిగా ఉంటే నియమమూ ఒంటరిదే.

*

పైలట్లు మొదటిసారి కలిసికట్టుగా కాదన్నది 1919 జులైలో.  అమెరికా తపాలా శాఖ న్యూయార్క్, వాషింగ్టన్ల మధ్య ఉత్తరాలను విమానాల్లో పంపేది. తలుపుల్లేని విమానాలు, సరైన పరికరాలు లేవు, రేడియో లేదు. పొగమంచులో ఎగరమంటే ఇద్దరు ఎగరమన్నారు. శాఖ ఆ ఇద్దర్నీ తీసేసింది. మిగతా పైలట్లు పని ఆపేశారు. కొద్దిరోజుల్లోనే రాజీ కుదిరింది. అందులో నాకు బాగా నచ్చిన షరతు, వాతావరణం దగ్గర పేచీ వస్తే ఫీల్డు మేనేజరు ముందు తాను విమానమెక్కి పైకి వెళ్ళి చూడాలన్నది. కుర్చీలో కూర్చుని ఎగరమని చెప్పేవాడు కాసేపు ఆ పొగమంచులో ఉండాలి.

తర్వాత పన్నెండేళ్ళకి, 1931లో, డేవిడ్ బెంకీ అనే పైలట్ షికాగోలో అల్పా మొదలుపెట్టాడు. పేరు బయటపడితే ఉద్యోగం పోయే రోజులు కాబట్టి మొదట్లో రహస్యంగా కలుసుకునేవాళ్ళు. ‘షెడ్యూల్ విత్ సేఫ్టీ’ వాళ్ళ నినాదం.

ఈ 1919 కథని నేను చాలాసార్లు తిరగేశాను. అందులో అసలు ధైర్యం ఎవరిది? మొదట కాదన్న ఇద్దరిదే అనిపిస్తుంది. కానీ వాళ్ళు కాదన్నాక, ఉత్తరాల సంచులు అక్కడే ఉన్నాయి, విమానం అక్కడే ఉంది, సీటు ఖాళీగా ఉంది. పక్కన నిలబడ్డ మూడోవాడు ‘నేను వెళ్తాను సార్’ అని ఉంటే ఆ ఇద్దరి మాటా గాలికి పోయేది. వాళ్ళు పిరికివాళ్ళని కూడా రుజువయ్యేది. విమానం క్షేమంగా చేరుకుని ఉంటే మరీనూ.

మొదటివాడు కాదనడానికి ఎంత విలువ ఉంటుందన్నది రెండోవాడి చేతిలో ఉంటుంది. నాకు అర్థమైన యూనియన్ ఇదే. జీతాలూ, సీనియారిటీలూ, ఆఫీసులూ, లాయర్లూ పక్కన పెడితే చివరికి మిగిలేది ఒక్క మాట: నువ్వు న్యాయంగా కాదని లేచిపోయిన సీట్లో నేను కూర్చోను. చిన్నప్పుడు పాఠంలో కట్టెల మోపు బొమ్మ వేసి ఐకమత్యమే మహాబలం అని నేర్పారు. ఒక్కో కట్టె మిగతావాటికి ఏం మాటిచ్చిందో ఆ పాఠంలో లేదు.

ఇక్కడ ఒక తేడా చూసుకోవాలి. అలసిపోయి ఎగరలేనన్నవాడి బదులు, నిద్రపోయి వచ్చిన రిజర్వు పైలట్ ఎక్కడం తప్పు కాదు, అలాగే జరగాలి. వాడు కాదన్నది తన ఒంటిని చూసి. కానీ విమానం బాగాలేదనో, వాతావరణం బాగాలేదనో, ఈ పద్ధతే బాగాలేదనో కాదన్నప్పుడు, అదే విమానం, అదే వాతావరణం, అదే పద్ధతిలో ఇంకొకడు వెళ్ళి ఎక్కితే అది సాయం అవ్వదు. మొదటివాడి మాటని చెరిపేయడం అవుతుంది.

1985లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో సమ్మె జరిగింది, 29 రోజులు. కొత్తగా చేరేవాళ్ళకి వేరే తక్కువ జీతాల పట్టిక పెడతామని కంపెనీ అనడం గొడవకి మూలం. సమ్మె వస్తే వాడుకోవచ్చని కంపెనీ ముందుగానే కొత్త పైలట్లకి శిక్షణ ఇప్పించింది. వాళ్ళు 570 మంది. ఇంకా ఉద్యోగంలో సరిగ్గా కుదురుకోనివాళ్ళు. సమ్మె మొదలవగానే సీట్లన్నీ ఖాళీ అయ్యాయి, వచ్చి కూర్చోమంది కంపెనీ. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది తప్ప ఎవరూ వెళ్ళలేదు. సమ్మె ముగిశాక కంపెనీ వాళ్ళని తీసుకోనంది. కోర్టుల ద్వారా ఉద్యోగాలు దక్కించుకోవాల్సొచ్చింది. ఓల్సన్ లెక్కలో ఈ 570 మంది ఇమడరు. వాళ్ళకి ఆ రోజున పోగొట్టుకోవడమే తప్ప వచ్చేదేమీ లేదు.

*

ఇప్పుడు నా సంగతి.

ఆరేళ్ళ క్రితం నేను చేస్తున్న కంపెనీలో ఒక శుక్రవారం రాత్రి రిలీజు ఉంది. మా టీమ్‌లో నాకంటే సీనియర్ ఒకాయన ఉండేవారు. టెస్టింగు పూర్తి కాలేదు, రోల్‌బ్యాక్ ఎలా చెయ్యాలో ఎవరూ సరిచూడలేదు, ఇది నేను ప్రొడక్షన్‌లో పెట్టను అన్నారు. గొంతు పెంచలేదు. సోమవారం చేద్దాం అన్నారంతే. మేనేజర్ ఆయన్ని ఏమీ అనలేదు. టేబుల్ చుట్టూ చూసి నా దగ్గర ఆగాడు.

“నేను చూసుకుంటానండీ” అన్నాను.

రాత్రి రెండున్నరకి పూర్తయింది. ఏమీ కాలేదు. అంతా బాగానే నడిచింది. ఏదైనా పగిలి ఉంటే కథ వేరేగా ఉండేది, ఆయన మాట నిలబడేది. పగల్లేదు కాబట్టి ఆయన అనవసరంగా అడ్డుపడ్డట్టు తేలింది. ఆ ఏడాది అప్రైజల్లో నాకు మంచి రేటింగ్ వచ్చింది. ఆయనకి అన్నిటికంటే కింది రేటింగ్ ఇచ్చారు, తర్వాత ప్రాజెక్టు నుంచి తీసి బెంచి మీద కూర్చోబెట్టారు. మూడు నెలల్లో వెళ్ళిపోయారు. మేం పార్టీ ఇచ్చాం.

నేను చేసింది నేరమేమీ కాదు. ఎవరి గురించీ చెడుగా చెప్పలేదు. పని చెయ్యమంటే చేశాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది కూడా ఇదే. 1919 కథ చదివిన రాత్రి మాత్రం ఆ టేబుల్ చుట్టూ ఉన్న ముఖాలన్నీ గుర్తొచ్చాయి. ఆరుగురం ఉన్నాం. ఆయన మాటకి విలువ ఉంచడానికి నేను హీరోని కానక్కర్లేదు. మేనేజర్ నావైపు చూసినప్పుడు ‘నాక్కూడా టెస్టింగు అయ్యాక చేద్దామనిపిస్తోంది’ అంటే సరిపోయేది. ఆరుగురం ఆ మాటే అనుంటే సోమవారం రిలీజు అయ్యేది, అంతే.

*

ఇంత చెప్పాక, ఇదే మాట ఎంత చేదుగా మారగలదో చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

1983లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ దివాలా పిటిషన్ వేసి, యూనియన్ ఒప్పందాలను పక్కన పెట్టి, జీతాలను సగానికి కోసింది. పైలట్లు సమ్మెకి దిగారు. అది 1985 దాకా సాగింది. మధ్యలో ఓర్చుకోలేక కొందరు పనిలోకి వెళ్ళారు. వాళ్ళ పేర్లతో జాబితా తయారైంది. దశాబ్దాలు గడిచినా ఆ జాబితాలో ఉన్నవాడితో ఒకే టేబుల్ దగ్గర కూర్చోని కెప్టెన్లుండేవారు. వెళ్ళినవాడి ఇంట్లో ఏముందో, ఏ ఆసుపత్రి బిల్లుందో ఆ జాబితా అడగదు.

1981లో అమెరికా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మె చేస్తే, రీగన్ రెండు రోజుల్లో 11 వేలమందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేశాడు. ఒకప్పుడు నటుల యూనియన్‌కి అధ్యక్షుడిగా చేసినవాడే. అప్పుడు పైలట్ల యూనియన్ ఏం చేసింది? విమానాలు నడిపింది. సీటు గురించిన మాట తమ కాక్‌పిట్ తలుపు దగ్గరే ఆగిపోయింది.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది యుఎస్ ఎయిర్‌వేస్ కథ. 2005లో అది అమెరికా వెస్ట్‌తో కలిసింది. రెండు కంపెనీల పైలట్ల సీనియారిటీ జాబితాలను ఎలా కలపాలన్నది మధ్యవర్తికి అప్పగించారు. 2007లో ఆయన తీర్పిచ్చాడు. అది యుఎస్ ఎయిర్‌వేస్ వైపు పైలట్లకి నచ్చలేదు. సంఖ్యలో వాళ్ళే ఎక్కువ. 2008లో ఓటు వేసి అల్పానే వదిలేసి కొత్త యూనియన్ పెట్టుకున్నారు, ఆ తీర్పు అమలు కాకుండా చూడటానికి. తక్కువమంది ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అంటే యూనియన్ అనే పనిముట్టునే ఎక్కువమంది తక్కువమంది మీద వాడారు.

మన దగ్గరా ఉంది. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకుంటే కంపెనీ అందులో ముఖ్యులను తీసేసింది. సెప్టెంబరులో వందలమంది ఒకేసారి సిక్ లీవు పెట్టారు. ఐదు రోజులు విమానాలు ఆగిపోయాయి. తీసేసినవాళ్ళని తిరిగి తీసుకోవడానికి ఒప్పుకున్నాక ముగిసింది. సహోద్యోగి సీటు కోసం నిలబడ్డారు, మంచిదే. కానీ ఒంట్లో బాగాలేదన్న మాటకి ఒక పవిత్రత ఉంది, పైలట్ నోట్లో మరీ ముఖ్యంగా. దాన్ని ఆయుధంగా వాడితే రేపు నిజంగా జ్వరమొచ్చినవాణ్ణి ఎవరు నమ్ముతారు? సమ్మె అని చెప్తే కోర్టులు ఊరుకోవు కదా అని వాళ్ళంటారు. అదీ నిజమే. నాకు రెండువైపులా న్యాయం కనిపిస్తుంది, అలాగని తప్పు తప్పు కాకుండా పోదు.

కాబట్టి యూనియన్‌లో చేరడమంటే మంచివాళ్ళ పక్షాన చేరడం అని నేననుకోను. అది ఒక మాట ఇవ్వడం. ఎవరి సీటు గురించి ఇస్తున్నామో, ఎంతవరకు ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వాలి. కాదన్నవాడికి తోడుండటం కోసం చేరినవాడు, రేపు యూనియనే తప్పు చేస్తే అక్కడ కూడా కాదనగలగాలి. అది కంపెనీకి కాదనడం కంటే కష్టం. కంపెనీ ఉద్యోగమే తీసేస్తుంది, వీళ్ళు పలకరింపు తీసేస్తారు.

మరి చేరకుండా ఊరుకుంటే? అమెరికాలో ఎయిర్‌లైన్స్ యూనియన్ ఎన్నికలకి 2010 దాకా ఒక విచిత్రమైన నిబంధన ఉండేది. ఓటు వెయ్యనివాణ్ణి వద్దన్నవాళ్ళ లెక్కలో వేసేవారు. అన్యాయమని ఆ ఏడాది మార్చారు, వేసిన ఓట్లలో మెజారిటీ వస్తే చాలన్నారు. మార్చింది మంచిదే. కానీ ఎన్నికల బయట, ఆఫీసు టేబుళ్ళ దగ్గర, ఆ పాత నిబంధన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ శుక్రవారం మిగతా నలుగురూ నోరు మెదపలేదు. వాళ్ళ మౌనాన్ని మేనేజర్ ఎటువైపు లెక్కేసుకున్నాడో చెప్పక్కర్లేదు.

*

పోయిన ఆదివారం నేనే వాడికి ఫోన్ చేశాను. జెట్‌బ్లూ సంగతి, యుఎస్ ఎయిర్‌వేస్ సంగతి, 570 మంది సంగతి చెప్పాను. చేరమనీ చేరొద్దనీ చెప్పనురా, అప్పు నీది, ఉద్యోగం నీది అన్నాను. ఒక్కటి మాత్రం చూసుకో అన్నాను. నీకేం వస్తుందని లెక్కేయకు, నీ పక్కసీట్లోవాడు ఒకరోజు నేను వెళ్ళను అని లేచిపోతే నువ్వేం చేస్తావో ముందు తేల్చుకో. అది తేలితే సంతకం సంగతి దానంతటదే తేలుతుంది. సంతకం చేసినా చెయ్యకపోయినా ఆ రోజు రాకమానదు.

వాడు కాసేపు మాట్లాడలేదు.

“నీకెప్పుడైనా అలా జరిగిందా అన్నా?”

జరిగింది అన్నాను. శుక్రవారం రిలీజు గురించి మొత్తం చెప్పాను, పార్టీతో సహా.

“మరి ఆయన ఇప్పుడెక్కడున్నారు?”

తెలియదన్నాను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కనుక్కోలేదు.